బాగుందని చెప్పిన గొంతు

లైటు ఆర్పాక

ఎండోస్కోపీ గదిలో ముందు చేసే పని పెద్ద లైటు ఆర్పడం. తెర మీద బొమ్మ సరిగ్గా కనపడాలంటే గది చీకటిగా ఉండాలి. బయట కువైట్ ఎండకి కళ్ళు విప్పలేం. లోపల మేం మాత్రం చీకట్లో నిలబడి ఎవరో ఒకరి కడుపులోకి చూస్తూ ఉండేవాళ్ళం. పేషెంటు మత్తులో ఎడమ పక్కకి ఒత్తిగిల్లి ఉంటాడు. నోట్లో ప్లాస్టిక్ రింగు, అందులోంచి నల్లటి గొట్టం. తెర మీద గులాబీ రంగు గుహ. అది ఊరికే ఉండదు, కదులుతూ ఉంటుంది. మనిషికి ఒంటి మీద స్పృహ లేదు, లోపల మాత్రం ఎవరో మేలుకుని పని చేసుకుంటున్నట్టు అలలు అలలుగా ముడతలు వచ్చి పోతుంటాయి. కొత్తలో పేషెంటు మొహం చూసి, మళ్ళీ తెర చూసి, ఇవి రెండూ ఒక్క మనిషివేనా అనుకునేదాన్ని.

నా పేరు సువార్త. మాది కోనసీమ. హవల్లీలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఆ చీకటి గదిలోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఇప్పుడు రిటైరయ్యాను. మా ఆయన ఉద్యోగం ఇంకా ఉంది కాబట్టి ఇక్కడే ఉంటున్నాం. కొత్తగా ఆ గదిలోకి వస్తున్న నర్సు పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, గొట్టం ఎలా కడగాలి, బయాప్సీ ముక్కలు సీసాలో ఎలా వేయాలి అని అడుగుతారు. అవి ఎవరైనా నేర్పుతారు. నేను చెప్పాలనుకున్నది వేరే. భాస్కరరావు గారనే ఒక పెద్దమనిషి గురించీ, ఆయన పోయాక కూడా ఊళ్ళు తిరిగిన ఆయన గొంతు గురించీ చెబుతాను. పేర్లు మార్చాను. ఆయన భార్యని అడిగి, ఆవిడ సరేనన్నాకే రాస్తున్నాను.

మా డాక్టరు నేర్పిందీ, నేర్పనిదీ

మా పెద్ద డాక్టరు ఈజిప్టు ఆయన, డాక్టర్ హుసామ్. మాటలు తక్కువ. నేను చేరిన వారంలోనే ఒక పేషెంటు భార్య కారిడార్‌లో నన్నాపి, "మా ఆయనకి ఏమీ లేదు కదా సిస్టర్" అని అడిగింది. "ఏమీ ఉండదమ్మా, కంగారు పడకండి" అన్నాను. అది విన్న డాక్టర్ నన్ను గదిలోకి పిలిచి, "నువ్వు చూశావా?" అన్నారు. లేదన్నాను. "చూసింది చెప్పు. చూడనిది లేదని చెప్పకు" అన్నారు. అంతే.

ఇంకోసారి హైదరాబాద్ కుర్రాడొకడు, ఐటీ ఉద్యోగి, కడుపులో మంటని వచ్చాడు. ఎవరో రాసిన ఎసిడిటీ మాత్ర నెలల తరబడి మింగాడట. మంట పోయింది, ఇంక గొట్టం ఎందుకు అని వాదించాడు. డాక్టర్ అతన్ని చూసి, "మాత్ర ఏడుపు ఆపుతుంది. ఏడ్చిందెవరో చెప్పదు" అన్నారు. ఆ కుర్రాడికి చిన్న పుండే ఉంది, క్యాన్సర్ లేదు. కడుపులో ఉండే ఒక రకం బాక్టీరియా వల్ల వచ్చింది. మందులు వాడితే మానిపోయింది. ఆ బాక్టీరియా మన దేశాల్లో చాలామంది కడుపుల్లో ఉంటుంది. ఉన్న ప్రతివాళ్ళకీ క్యాన్సర్ రాదు. కానీ ఏళ్ళ తరబడి అలా వదిలేస్తే కొందరిలో అటు దారితీస్తుంది. అందుకే పరీక్ష చేసి తీసేస్తారు.

కడుపు క్యాన్సర్‌లో భయపెట్టేది దాని నెమ్మది. మొదట్లో అది ఏమీ చెప్పదు. తర్వాత చెప్పినా గ్యాసు భాషలో చెబుతుంది. కొంచెం తినగానే నిండిపోవడం, తగ్గని మంట, ఆకలి చచ్చిపోవడం, కారణం లేకుండా చిక్కిపోవడం, తారులా నల్లగా విరేచనం కావడం, రక్తం తగ్గి ఆయాసం రావడం. ఇవన్నీ వేరే మామూలు జబ్బుల్లో కూడా ఉంటాయి. ఐరన్ మాత్రలు వేసుకున్నా విరేచనం నల్లగానే అవుతుంది. అందుకే పైనుంచి చూసి చెప్పలేం. లోపలికి వెళ్ళి చూడాలి, అనుమానం ఉన్నచోట ముక్క తీసి పరీక్షకి పంపాలి. క్యాన్సరా కాదా అని చెప్పగలిగేది ఆ ముక్కే.

ఇదంతా డాక్టర్ హుసామ్ దగ్గరే నేర్చుకున్నాను. ఆయన మీద నాకున్న ఫిర్యాదు కూడా చెప్పేస్తాను. పేషెంటుకి విషయం చెప్పేటప్పుడు ఆయన దగ్గర నాలుగు ముక్కలే ఉండేవి. క్యాన్సర్ అని తేలింది, సర్జన్ దగ్గరికి వెళ్ళండి, ఆలస్యం చేయకండి, యల్లా, అంటే ఇక బయల్దేరండి. చెప్పింది నిజమే. కానీ వాళ్ళు కారిడార్‌లో కుర్చీల మీద కూలబడి, ఆ తర్వాత ఏమిటో తెలీక ఫోన్ తీసేవాళ్ళు. మనం చెప్పకుండా వదిలేసిన మాటలన్నీ వాళ్ళకి ఫోన్ చెప్పేది. ఒకసారి ఆయనతో ఈ మాట అన్నాను. "బయట ఇంకా పేషెంట్లు ఉన్నారు సిస్టర్" అన్నారు. వాళ్ళూ ఉన్నారు, నిజమే.

భాస్కరరావు గారు

విజయవాడ ఆయన. ఇక్కడ ఇంజనీరు. భార్య శారదగారితో ఫింటాస్‌లో ఉండేవారు. తెలుగువాళ్ళ ఫంక్షన్లలో మైకు ఆయన చేతిలోనే ఉండేది. నిండైన గొంతు. హాలు చివర కూర్చున్నవాళ్ళకి కూడా తమతోనే మాట్లాడుతున్నట్టు ఉండేది.

"రెండు ఇడ్లీలకే కడుపు నిండిపోతోంది సిస్టర్ గారూ, బెల్టుకి కొత్త బెజ్జం పొడిపించాను" అని నవ్వుతూ వచ్చారు. తెర మీద కడుపు కింది భాగంలో ఒక పుండు కనపడింది. అంచులు ఉబ్బి, ఎగుడుదిగుడుగా ఉన్నాయి. డాక్టర్ ముక్కలు తీశారు, మళ్ళీ తీశారు. అన్ని ముక్కలు తీస్తున్నారంటే ఏమిటో నాకప్పటికి తెలుసు. ఆయన మాత్రం హాయిగా గురక పెడుతున్నారు.

క్యాన్సరే. స్కాన్‌లో వేరేచోటికి పాకినట్టు కనపడలేదు. ముందు కీమో ఇచ్చి, ఆపరేషన్ చేసి, తర్వాత మళ్ళీ కీమో ఇద్దామన్నారు సర్జన్. నయమయ్యే అవకాశం ఉందని కూడా అన్నారు. ఆలోచించుకుంటామని వెళ్ళారు. మళ్ళీ రాలేదు.

ఎవరో ఆయనకి ఒక కషాయం, దాంతోపాటు ఒక పథ్యం చెప్పారు. అదేమిటో ఇక్కడ రాయను. రాస్తే ఎవరో ఒకరు చేసి చూస్తారు. ఆ కషాయంతోపాటు మేమిచ్చిన ఎసిడిటీ మాత్ర కూడా మానకుండా వేసుకున్నారు. మంట పోయింది. నిద్ర పట్టింది. మొహం తేటపడింది. అలాంటి ఒక ఉదయం ఫోన్ తీసి మాట్లాడారు.

"అందరికీ నమస్కారం. కువైట్ నుంచి మాట్లాడుతున్నాను. నాకు కడుపులో క్యాన్సరన్నారు. ఆపరేషనన్నారు. నేను వెళ్ళలేదు. ఇవాళ సముద్రం ఒడ్డున నడిచి వచ్చాను. ఇష్టంగా తిన్నాను. మంట లేదు, నొప్పి లేదు. ఈ రోజు నాకు చాలా బాగుంది. నేనిలా మీతో మాట్లాడుతున్నానంటే ఇదిగో దీనివల్లే." అక్కడి నుంచి కషాయం ఎలా కాయాలో చెబుతారు. పేరు ఎక్కడా చెప్పలేదు. స్నేహితులకి పంపించారు. వాళ్ళు వాళ్ళవాళ్ళకి పంపించారు.

కొన్ని నెలలకి పొట్ట నీరు పట్టి, కాళ్ళూ చేతులూ పుల్లల్లా అయిపోయి, వీల్‌చైర్‌లో మా దగ్గరికే వచ్చారు. అప్పటికి కడుపు దాటి పాకిపోయింది. ఆపరేషన్ మాట ఇక లేదు.

పరదా అవతల

ఆ రోజు దుమ్ము తుఫాను. మిట్టమధ్యాహ్నం కిటికీ అద్దాలు నారింజ రంగుకి తిరిగాయి. వార్డులో లైట్లు వేశారు. ఎంత మూసినా దుమ్ము వాసన లోపలికి వస్తోంది. అన్నం దిగడం లేదని భాస్కరరావు గారికి లోపల స్టెంట్, అంటే దారి తెరిచి ఉంచే చిన్న గొట్టం, పెట్టాలనుకున్నాం. ఆయన్ని కిందికి తీసుకెళ్ళడానికి వార్డుకి నేనే వెళ్ళాను. రెండు మంచాల గది. మధ్యలో పరదా. అవతలి మంచం మీద అల్సర్ పేషెంటు, కరీంనగర్ వైపు మనిషి. చూడ్డానికి వాళ్ళ తమ్ముడు వచ్చి ఉన్నాడు.

నేను సెలైన్ బాటిల్ సర్దుతుంటే పరదా అవతల ఆ గొంతు మొదలైంది. "అందరికీ నమస్కారం. కువైట్ నుంచి మాట్లాడుతున్నాను."

ఫంక్షన్ హాళ్ళలో విన్న గొంతు, అదే నిండుదనం. నా ముందు మంచం మీద మనిషికేమో అప్పటికి గుసగుస తప్ప మాట రావడం లేదు. ఆయన కళ్ళు పరదా వైపు తిరిగాయి. మందుల మత్తులో ఉన్నారు. చివరిదాకా, ఒక్క మాట పోకుండా విన్నారు.

"ఎవరండీ సిస్టర్ గారూ?" అన్నారు. "చాలా ధైర్యంగా మాట్లాడుతున్నాడు."

ఆ గొంతు తనదేనని ఆయన నిజంగా గుర్తుపట్టలేదో, గుర్తుపట్టీ అలా అడిగారో ఇప్పటికీ తెలీదు.

"ఆయన్ని ఒకసారి ఇటు రమ్మంటారా?" అన్నారు.

పరదా జరిపాను. కుర్చీలో ఉన్న తమ్ముడు ఫోన్ పట్టుకుని లేచి నిలబడ్డాడు. "లొల్లి అయితున్నదా అంకుల్? సౌండ్ తక్కువ చేస్త" అన్నాడు.

భాస్కరరావు గారు ఫోన్ వైపు, తర్వాత అతని మొహం వైపు చూశారు. "అది నేనే బాబూ" అన్నారు.

అతను నా వంక చూశాడు. పెద్దాయనకి మతి చెడిందన్నట్టు జాలిగా నవ్వి, "అవునవును అంకుల్" అన్నాడు.

"దాన్ని ఎవరికీ పంపకు."

"సరే అంకుల్. మీరు పడుకోండ్రి."

పరదా వేసేశాను. ఆయన్ని స్ట్రెచర్ మీదికి మారుస్తుంటే అవతల నుంచి అతని మాట వినపడింది, గొంతు తగ్గించి ఎవరితోనో ఫోన్‌లో అంటున్నాడు. "అన్నా, ఇప్పుడే పంపిన. మంచిగ చెప్పిండు, విను."

లిఫ్టులో భాస్కరరావు గారు నా వేళ్ళు పట్టుకున్నారు. కొన్నాళ్ళకి ఆయన పోయారు.

రమణమ్మ

తర్వాత ఆ గొంతు నాకు అక్కడక్కడ వినపడుతూనే ఉంది. ఒకసారి వెయిటింగ్ హాల్లో. ఒకసారి రక్తం ఇవ్వడానికి వచ్చిన కుర్రాడి ఫోన్‌లో. ప్రతిసారీ ఆయన అప్పుడే సముద్రం ఒడ్డున నడిచి వచ్చి ఉంటారు. ప్రతిసారీ ఆయనకి ఈ రోజు చాలా బాగుంటుంది.

రమణమ్మది కడప జిల్లా. సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో వంటమనిషి. వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోతే ఆ ఇంటావిడే కారులో తీసుకొచ్చింది. విరేచనం నల్లగా అవుతోందట. ఎన్నాళ్ళ నుంచో ఎవరికీ చెప్పలేదు. తెర మీద కడుపు పై భాగంలో ఒక మచ్చ కనపడింది, దాని నడుమ గుంట. ముక్క పరీక్షలో క్యాన్సరని తేలింది. స్కాన్ చూసిన సర్జన్, "మంచి సమయానికి వచ్చింది, కానీ జబ్బున్న చోటుని బట్టి కడుపు మొత్తం తీసేయాల్సి వస్తుంది" అన్నారు.

ఆ మాట చెప్పాక రమణమ్మని మా గదిలో కూర్చోబెట్టారు. ఆవిడ ఏడవలేదు. బ్యాగులోంచి ఫోన్ తీసింది.

"మా చెల్లెలు ఊర్నుంచి పంపింది సిస్టరమ్మా. ఈయప్పకీ ఇదే జబ్బంట. కోత లేకుండా బాగయినాడంట. నేను ఊరికి పోతా. అక్కడ ఈ కషాయం తాగి చూస్తా."

నొక్కింది. నా చీకటి గదిలో భాస్కరరావు గారు అందరికీ నమస్కారం చెప్పారు. ఇక్కడి నుంచి కడపకి వెళ్ళి, కడప నుంచి మళ్ళీ ఇక్కడికే వచ్చారు. ఆయన కడుపు లోపలిని చూసిన తెర పక్కనే నిలబడి ఆయన గొంతు వింటున్నాను.

"ఈయన ఇది ఎప్పుడు చెప్పారో తెలుసా రమణమ్మా?" అన్నాను.

"పోయిన వారమే కదా. ఇదో చూడు."

ఫోన్‌లో కనపడేది మెసేజీ వచ్చిన తేదీ. ఆయన మాట్లాడిన తేదీ ఎక్కడా ఉండదు.

"తర్వాత ఆయనకి ఏమైందో ఎవరైనా చెప్పారా?"

"ఏమైతాది? బాగుండాడు. ఈ రోజు బాగుందని చెప్తాండాడు కదా. సచ్చిపోయినోడు మాట్లాడతాడా?"

ఆయన చనిపోయారు అన్న ఒక్క మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అనలేను. ఒక పేషెంటు సంగతి ఇంకో పేషెంటుకి చెప్పకూడదు. చనిపోయాక కూడా చెప్పకూడదు. కొత్త పిల్లలు ఈ నియమాన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఇవాళ మంచికోసం ఒకరి సంగతి చెబితే, రేపు ఎవరూ మన గదిలో నిజం మాట్లాడరు. "వారం ఆగు రమణమ్మా, టికెట్ తీసుకోకు" అని మాత్రం బతిమాలాను.

బయట ఆ ఇంటావిడ బురఖాలాంటి నల్లటి అబాయాలో నిలబడి ఉంది. "సెలవిస్తాను, ఎన్నాళ్ళైనా సరే. ఇక్కడే చేయించుకోమని చెప్పు" అంది నాతో అరబిక్‌లో. నేను తెలుగులో చెప్పాను. రమణమ్మ తల వంచుకుని, ఇక్కడి పనివాళ్ళు ఇంటావిడని పిలిచే పిలుపుతోనే, "మామా మంచిదే. కానీ కడుపు నాది కదా సిస్టరమ్మా" అంది.

ఫింటాస్‌లో ఒక శుక్రవారం

శారదగారికి ఫోన్ చేసి, ఒకసారి కలవాలన్నాను. ఎందుకని అడగలేదు, రమ్మన్నారు. ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం పగలు వెళ్ళాను. వీధిలో పిల్లి కూడా లేదు. మెట్లెక్కి తలుపు ముందు నిలబడి బెల్లు మీద వేలు పెట్టేసరికి లోపల నుంచి ఆయన మాటలు వినపడ్డాయి. ఫోన్‌లోంచి వస్తోందని తెలుసు. అయినా ఇంట్లో ఆయన ఉండగా పరాయిదాన్నై తలుపు కొడుతున్నట్టు అనిపించింది. బెల్లు నొక్కాను.

శారదగారు తలుపు తీసి, "కూర్చోండి, ఆయన మాట్లాడ్డం అయిపోవచ్చింది" అన్నారు.

వంటింటి గట్టు మీద ఫోన్ ఉంది. ఆవిడ ఆపలేదు. ఆఖరి మాటదాకా ఇద్దరం నిలబడి విన్నాం.

"రోజూ పెట్టుకుంటాను" అన్నారు. "మధ్యలో ఆపబుద్ధి కాదు. మాట మధ్యలో ఎవరైనా అడ్డొస్తే ఆయనకి నచ్చేది కాదు. ఆయన ఏం చెబుతున్నారో నేను వినను సిస్టర్ గారూ. ఊపిరి తీసుకోవడం వింటాను." ఫోన్ చేతిలోకి తీసుకుని కొంచెం వెనక్కి జరిపారు. "ఇక్కడ వినండి. టక్‌మని చప్పుడొచ్చిందా? ఆయన ముందు నేను కాఫీ కప్పు పెట్టాను."

చాలాసార్లు విన్నాను కానీ ఆ చప్పుడు నేనెప్పుడూ గమనించలేదు.

"ఈ మెసేజీ ఇంకా ఎవరి దగ్గరైనా ఉందనుకుంటున్నారా?" అన్నాను.

"ఆసుపత్రిలో ఆయనే తీసేయమన్నారు. ఆయన ఫోన్‌లోంచి నేనే తీసేశాను. నా దగ్గర ఒక్కటే మిగిలింది."

అప్పుడు చెప్పాను. వార్డులో పరదా అవతల విన్నది, వెయిటింగ్ హాల్లో విన్నది, అన్నీ చెప్పాను. పేరు చెప్పకుండా రమణమ్మ సంగతి కూడా చెప్పాను. వింటున్నంతసేపూ ఆవిడ ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు.

"ఎంతమంది?" అన్నారు.

"తెలీదండీ."

"ఎవరైనా దీన్ని నమ్మి..." అన్నారు.

ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి సముద్రం వైపు చూస్తూ నిలబడ్డారు. "మీ అనుమతి ఉంటే ఆవిడకి ఒక్కమాట చెబుతాను, ఆయన లేరని" అన్నాను.

"మీరు చెప్పొద్దు" అన్నారు. కాదంటున్నారేమో అనుకున్నాను. "నేను వచ్చి చెబుతాను" అన్నారు.

ఆ రోజు నిజంగానే

ముందు రమణమ్మని అడిగి, ఆవిడ ఒప్పుకున్నాక ఇద్దరినీ ఆసుపత్రి క్యాంటీన్‌లో ఒక మూల బల్ల దగ్గర కూర్చోబెట్టాను. రమణమ్మ మొదట నమ్మలేదు. ఆపరేషన్‌కి ఒప్పించడానికి నేనే ఎవరినో తెచ్చానని అనుకుంది. మొహంలో తెలిసిపోతోంది.

శారదగారు ఏమీ వాదించలేదు. ఆ మెసేజీ పెట్టమన్నారు. సగం అయ్యాక చెయ్యెత్తి, "ఇప్పుడు వినమ్మా" అన్నారు. టక్‌మంది. "కాఫీ కప్పు. అది పెట్టింది నేను. ఆయన మా ఆయన."

రమణమ్మ ఆవిడ చేతుల్ని, నుదుటిని చూసింది. తర్వాత ఫోన్‌ని చూసింది. అది ఇంకా మాట్లాడుతూనే ఉంది. గబుక్కున ఆపేసింది. పామేదో తాకినట్టు ఫోన్ బల్ల మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అయితే ఆయప్ప అబద్దం చెప్పినాడామ్మా?" అంది.

"లేదమ్మా. ఆ రోజు ఆయనకి నిజంగానే బాగుంది. ఆ తర్వాతి రోజులు అందులో లేవు."

"తర్వాత ఎట్ల పాయ?"

శారదగారు చెప్పారు. ఏదీ దాచలేదు, ఏదీ పెంచలేదు. నీరు పట్టిన పొట్ట, మింగుడుపడని నీళ్ళు, ముందే వస్తే ఆపరేషన్‌కి అవకాశం ఉండేదని సర్జన్ చెప్పినప్పుడు ఆయన కళ్ళు మూసుకున్న తీరు. క్యాంటీన్‌లో ట్రేల చప్పుడు, ఎవరెవరో నవ్వులు, మా బల్ల దగ్గర ఆ సన్నటి మాట. చెప్పడం అయ్యాక రమణమ్మ లేచి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

"తాగమ్మా" అంది. నా వైపు తిరిగి, "సరే సిస్టరమ్మా. కోయించుకుంటా" అంది.

ముందు కొన్ని కీమోలు, తర్వాత ఆపరేషన్. కడుపు మొత్తం తీసేసి, ఆహార నాళాన్ని పేగుకి కలిపారు. కోలుకుంటున్నప్పుడు చూడ్డానికి వెళ్తే రమణమ్మ మెల్లిగా, పక్క మంచం వాళ్ళకి వినపడకుండా అడిగింది.

"సిస్టరమ్మా, కడుపు తీసేసినారు కదా?"

"తీసేశారు."

"మరి ఆకలైతాంది. ఎవురికి?"

నా చెయ్యి పట్టుకెళ్ళి తన పొట్ట మీద పెట్టి చూపించింది, ఇక్కడే అని. లేని చోట ఆకలి. నేను సర్జన్‌ని అడిగాను. కొందరికి అలా ఉంటుంది, ఆకలి కడుపులోనే పుట్టదు, మెదడుకి కూడా గుర్తుంటుంది అన్నారు. ఆ మాట చెబితే రమణమ్మ కొంచెం భయంగానే తలూపింది. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినాలి, బాగా నమలాలి, విటమిన్ బీ12 ఇంజెక్షన్ జీవితాంతం వేయించుకోవాలి. ఇవి నేర్చుకోవడానికి ఆవిడకి చాలాకాలం పట్టింది. తిన్న వెంటనే చెమటలు పట్టి గుండె దడదడలాడిన రోజులు, ఎందుకు కోయించుకున్నానా అని ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి. అవి చెప్పకపోతే నేనూ ఆ మెసేజీలాగే సగం చెప్పినదాన్నవుతాను.

ఎవరి మాట వినాలి

నర్సు పిల్లలకి ఒక మాట. ఫోన్‌లో ఏదీ చూడొద్దని పేషెంటుకి చెప్పకండి. తప్పకుండా చూస్తారు. మీకు చూపించడం మాత్రం మానేస్తారు. వాళ్ళు తెచ్చింది మీరూ వినండి. విని, వాళ్ళతో కలిసి ప్రశ్నలు వేయండి. ఇది చెప్పిన మనిషి ఎవరు, ఎప్పుడు చెప్పాడు, ఆ తర్వాత ఏమైంది? జబ్బు ముక్క పరీక్షలో తేలిందా, లేక అనుమానమేనా? జబ్బు ఏ దశలో ఉంది? బాగుపడనివాళ్ళ గురించి ఒక్క ముక్కయినా చెప్పాడా? వైద్యం మానేయమంటున్నాడా? మానేయమనే మాట వస్తే మిగతాది వినక్కర్లేదు. చివర్లో ఏదైనా అమ్ముతున్నాడేమో కూడా చూడండి.

నమ్మదగినవి కూడా అదే ఫోన్‌లో ఉంటాయి. ప్రభుత్వాలు నడిపే క్యాన్సర్ సంస్థల పేజీలు, పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల పేజీలు. రాసింది ఏ వైద్యులో, చివరిసారి ఎప్పుడు సరిచూశారో వాటిలో ఉంటుంది. అవి చప్పగా ఉంటాయి. ఉండొచ్చు, కొందరిలో, డాక్టర్‌ని అడగండి, ఇలాంటి మాటలే ఎక్కువ. ఆ చప్పదనానికి భయపడొద్దు. తెలిసినంతవరకే చెప్పేవాళ్ళ భాష అలాగే ఉంటుంది. అది కూడా చదివి, అర్థం కానిది అడగడానికి మళ్ళీ డాక్టర్ దగ్గరికే రావాలి. అడిగితే ఓపిగ్గా చెప్పే మనిషి ఆ గదిలో ఒక్కరైనా ఉండాలి. డాక్టరు కాకపోతే మీరు.

శారదగారు తర్వాత తన గొంతుతో ఒక మెసేజీ చేశారు. ఆయన పేరు చెప్పి, ఆయన లేరని చెప్పి, జరిగింది చెప్పారు. అది పెద్దగా ఎక్కడికీ వెళ్ళలేదు. చావు కబురుని ఎవరూ ఇంకొకరికి పంపరు. ఆయనది మాత్రం ఇంకా తిరుగుతోందని వింటుంటాను. శారదగారు ఇప్పుడు ఇంట్లో దాన్ని పెట్టుకోవడం మానేశారు.

రమణమ్మ ఒప్పుకోని పని

నేను రిటైరవడానికి కొన్ని నెలల ముందు రమణమ్మ చెకప్‌కి వచ్చింది. చిక్కింది కానీ మొహంలో కళ ఉంది. స్కాన్‌లో మళ్ళీ వచ్చిన జాడ లేదు. అప్పుడు నేనే ఒక మాట అడిగాను. "నువ్వు ఫోన్‌లో మాట్లాడరాదూ రమణమ్మా? ఆపరేషన్ చేయించుకున్నాను, బాగున్నాను అని. నీ మాట అయితే జనం వింటారు."

ఆలోచించింది. "వద్దులే సిస్టరమ్మా" అంది.

"ఎందుకు? నిజమే కదా."

"నిజమే. ఈ పొద్దు బాగుండా. రేపు ఎట్లుంటానో నాకు తెల్సునా, ఆ పెద్దడాక్టరుకి తెల్సునా? నేను సచ్చినాంక నా గొంతు నేను బాగుండానని ఊరూరూ తిరగల్యా? నాకొద్దు."

నేను మళ్ళీ అడగలేదు.

కొన్ని వారాలకి ఆవిడ మళ్ళీ వచ్చింది. చెకప్ లేని రోజు. వెంట వాళ్ళ పక్కింట్లో పనిచేసే ఒకామె, రాజంపేట పిల్ల. కొంచెం తింటే చాలు నిండిపోతోందట, మనిషి తగ్గిపోతోందట. డాక్టర్ చూసి ఎండోస్కోపీ రాశారు. ఆ పిల్ల మా గది గుమ్మం దగ్గరే ఆగిపోయి, "అక్కా, నీకు లోపల ఏం చేసినారో ఒకసారి చెప్పు, నీకెట్ల బాగయింది?" అని అడుగుతోంది.

"నాది నీకెందుకు?" అంది రమణమ్మ. "నీది ఏందో చూడనీ ముందు."

రమణమ్మ ఆ పిల్ల బ్యాగూ, చెప్పులూ, చున్నీ తీసుకుంది. తలుపు పక్క కుర్చీలో కూర్చుని వాటిని ఒళ్ళో పెట్టుకుంది. నేను ఆ పిల్లని మంచం మీద పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఇఖామా, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, మీద పేరు సరిచూసి, నోట్లో రింగు పెట్టి, లైటు ఆర్పాను.